షోటోకాన్ కరాటే: తెల్ల బెల్టు నుంచి మొదటి డాన్ దాకా సాధన, పరీక్షలు, పోటీలు

కరాటేలో చేరి మూడు నెలలైనా కాకముందే బంధువులు పిల్లవాణ్ణి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు ఏ బెల్టు?" అడగడంలో తప్పేమీ లేదు గానీ, ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడం కోసమే క్లాసుకు వెళ్ళడం మొదలైతే మాత్రం సాధన దారి తప్పుతుంది. రోజువారీ సాధన, బెల్టు పరీక్ష, పోటీ అనేవి మూడు వేర్వేరు పనులు. మూడింటికీ తయారయ్యే పద్ధతులు వేరు. అయితే మూడింటినీ మోసే నేల ఒక్కటే: నిలబడే తీరు, అడుగు వేసే తీరు, నడుము తిప్పే తీరు. ఇరవై ఏళ్ళకు పైగా నేర్చుకుంటూ, నేర్పుతూ నేను గమనించిన క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. చెప్పేదంతా షోటోకాన్ శైలి గురించే. గోజు ర్యు, షితో ర్యు, వాడో ర్యు శైలుల్లో కటాలు (ఒంటరిగా చేసే కదలికల వరుసలు), నిలబడే భంగిమలు కొంత మారుతాయి కాబట్టి ఆ శైలుల వారు తమ గురువు చెప్పినదాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

బెల్టు ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు జపాన్‌లో భాగమైన ఒకినావా దీవిలో పూర్వం కరాటే నేర్చుకున్నవారికి బెల్టులు లేవు. గురువు దగ్గర ఒకటి రెండు కటాలను ఏళ్ళ తరబడి చేయడమే చదువు. ఒకినావాలోని షురిలో 1868లో పుట్టిన, షోటోకాన్ శైలికి ఆద్యుడైన ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యో వచ్చి కరాటేను ప్రదర్శించిన తర్వాత, అక్కడ జూడోను స్థాపించిన కానో జిగోరో ఏర్పరచిన క్యూ (నల్ల బెల్టుకు ముందు మెట్లు), డాన్ (నల్ల బెల్టు మెట్లు) పద్ధతినే కరాటేకూ తీసుకున్నారు. కరాటేలో తొలి డాన్ పట్టాలను ఫునాకోషి 1924లో ఇచ్చారు. వేర్వేరు వయసుల వారు, వేర్వేరు దశల్లో ఉన్నవారు ఒకే గదిలో నేర్చుకుంటున్నప్పుడు ఎవరికి ఏ పాఠం చెప్పాలో తెలియడం కోసం వచ్చిన ఏర్పాటు ఇది. బెల్టును ఈ దృష్టితో చూస్తే పరీక్ష గురించిన ఆరాటం సగం తగ్గుతుంది.

క్యూ అంకెలు పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాయి. 10వ క్యూ లేదా 9వ క్యూతో మొదలై 1వ క్యూ దాకా వచ్చాక నల్ల బెల్టు, అంటే షోదాన్ అనే మొదటి డాన్ వస్తుంది. అక్కడి నుంచి డాన్ అంకెలు పైకి పెరుగుతాయి. మధ్యలో వచ్చే పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, ఊదా రంగుల వరుస ఒక్కో సంస్థలో ఒక్కో రకంగా ఉంటుంది. 3, 2, 1 క్యూలకు గోధుమ రంగు ఉండటం మాత్రం చాలాచోట్ల కనిపిస్తుంది. అందుకే వేరే క్లాసు పిల్లల బెల్టు రంగుతో మీ పిల్లల బెల్టు రంగును పోల్చవద్దు. పోల్చాల్సి వస్తే క్యూ అంకెను అడగండి.

మొదటి మెట్టు: క్లాసును ఎంచుకోవడం

చేరే ముందు కనీసం రెండు రోజులు పక్కన కూర్చుని క్లాసు చూడండి. చూడనివ్వని చోట చేరవద్దు. మాస్టరు గారు ఎంత ఎత్తుకు కాలు లేపుతున్నారన్నది ముఖ్యం కాదు. పసుపు బెల్టు పిల్లల మోకాళ్ళు ఎటు చూస్తున్నాయో, తప్పు చేసినప్పుడు ఎవరైనా దగ్గరికి వెళ్ళి సరిదిద్దుతున్నారో లేదో చూడండి. యాభై మందికి ఒకే ఒక్కరు అంకెలు లెక్కపెడుతూ పోతే అది డ్రిల్లు అవుతుంది గానీ పాఠం కాదు.

తర్వాత నాలుగు విషయాలు సూటిగా అడగాలి. మాస్టరు గారికి డాన్ పట్టా ఏ సంస్థ నుంచి వచ్చింది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? పరీక్షకు పరీక్షకు మధ్య కనీస గడువు ఎంత? పరీక్ష ఫీజులో పట్టా, బెల్టు కలిసి ఉన్నాయా, వేరుగా కట్టాలా? పరీక్షలో నెగ్గనివారు ఎప్పుడైనా ఉన్నారా? చివరి ప్రశ్నకు "మా దగ్గర ఎవరూ ఫెయిల్ కారు" అనే జవాబు వస్తే నేనైతే ఇంకో క్లాసు వెతుక్కుంటాను. ఏడాదిలో లేదా ఏడాదిన్నరలో నల్ల బెల్టు ఇస్తామని ముందే మాట ఇచ్చే చోటుకీ దూరంగా ఉండాలి. వారానికి మూడు రోజులు మానకుండా వచ్చేవారికి కూడా షోదాన్ దాకా చేరడానికి నాలుగైదేళ్ళు పట్టడం సహజం.

స్కూలు వార్షికోత్సవాల్లో పెంకులు పగలగొట్టడం, చేతుల మీదుగా మోటారు సైకిలు ఎక్కించుకోవడం చూసి కరాటే అంటే అదేనని నమ్మేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. షోటోకాన్ క్యూ పరీక్షల్లో పెంకులకు, ఇటుకలకు చోటు లేదు. ఎదిగే వయసు పిల్లల చేతి ఎముకలతో ఆ ప్రదర్శనలు చేయించే చోట పిల్లల్ని చేర్చవద్దని తల్లిదండ్రులను గట్టిగా కోరుతున్నాను.

రెండో మెట్టు: డ్రెస్సు, బెల్టు, డోజో మర్యాద

మొదటి ఏడాదికి మామూలు నూలు డ్రెస్సు చాలు. ఉతికితే ముడుచుకుంటుంది కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి. కోటు ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. బెల్టు మధ్య భాగాన్ని బొడ్డు కింద ఆనించి, రెండు కొసలనూ వెనక్కి తిప్పి ముందుకు తెచ్చి, పైకొసను అన్ని చుట్ల కిందుగా దూర్చి పైకి లాగి ముడి వేయాలి. రెండు కొసలూ సమానంగా వేలాడాలి. ముడి తరచూ ఊడిపోతుంటే పరీక్షలో ధ్యాస అటే పోతుంది కనుక ఇంట్లో పదిసార్లు కట్టి విప్పడం కూడా సాధనే.

డోజోలోకి, అంటే సాధన చేసే హాలులోకి వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు వంగి నమస్కరించడం, గోళ్ళు కత్తిరించుకుని రావడం, ఉంగరాలు, గొలుసులు, గాజులు, కాలి పట్టీలు తీసేయడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. గోళ్ళ సంగతి చిన్నదిగా కనిపించినా, జోడీ సాధనలో నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం గోటి గీతలే.

మూడో మెట్టు: మొదటి ఆరు నెలలు, కాళ్ళ పని

కొత్తవారికి చేతులు విసరాలని ఉంటుంది. నేర్చుకోవాల్సింది ముందుగా కాళ్ళు. షోటోకాన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వాడే భంగిమ జెన్‌కుత్సు దాచి. దీన్ని ఇంట్లో సుద్దముక్కతో నేర్చుకోవచ్చు. నేల మీద మీ తుంటి వెడల్పున రెండు నిలువు గీతలు గీయండి. ఎడమ పాదం ఎడమ గీత మీద, కుడి పాదం కుడి గీత మీద ఉండాలి. ఒక పాదాన్ని దాదాపు రెండు భుజాల వెడల్పంత దూరం ముందుకు జరపండి. ముందు మోకాలు వంగి పాదం బొటనవేలి మీదికి రావాలి, లోపలికి వాలకూడదు. వెనక కాలు చాచి, పాదం వీలైనంత ముందు వైపు చూడాలి. బరువు ముందు కాలి మీద 60 శాతం, వెనక కాలి మీద 40 శాతం ఉండాలి. వెనక మడమ నేలకు అంటి ఉండాలి.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగుతాను. షోదాన్ పరీక్ష నేను మొదటిసారి రాసినప్పుడు నెగ్గలేదు. కటా బాగానే చేశానని అనుకుంటూ నిలబడి ఉన్నాను. పరీక్షకుల్లో పెద్దాయన లేచి వచ్చి, నన్ను ఒక పంచ్ వేసి అలాగే ఆగమన్నారు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం ముక్కను నా వెనక మడమ కిందికి దూర్చారు. అది ఎక్కడా తగలకుండా అటు నుంచి ఇటు వచ్చేసింది. ఆయన ఒక్క మాటా అనకుండా ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళి కూర్చున్నారు. మడమ లేస్తే నేల నుంచి వచ్చే బలం నడుము దాకా చేరదు, పంచ్ భుజం బలంతో మాత్రమే పోతుంది. అప్పటికి ఐదేళ్ళుగా నేను అదే తప్పు చేస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవారికి కాగితమే మొదటి పరికరం. మడమ కింద కాగితం పెట్టి, పంచ్ వేసిన క్షణంలో జోడీని దాన్ని లాగమంటాను. కాగితం చిరిగితే పంచ్ సరిగా ఉన్నట్టు, జారి వచ్చేస్తే మళ్ళీ వేయాలి.

అడుగు వేసేటప్పుడు వెనక పాదం నేలను రాసుకుంటూ ముందు పాదం దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి బయటికి సాగాలి. తల ఎత్తు మారకూడదు. నీళ్ళ గ్లాసు నెత్తిన పెట్టుకుని నడిచినట్టు ఊహించుకోమని చెబితే పిల్లలకు త్వరగా అర్థమవుతుంది. తక్కిన రెండు ముఖ్య భంగిమలు కోకుత్సు దాచి, కిబా దాచి. మొదటిదానిలో బరువు 70 శాతం వెనక కాలి మీద ఉంటుంది, రెండు మడమలూ ఒకే గీత మీద ఉంటాయి. రెండోదానిలో గుర్రం మీద కూర్చున్నట్టు బరువు సమానంగా పంచి, రెండు పాదాలనూ ముందుకే చూపాలి, మోకాళ్ళను బయటికి నెట్టి ఉంచాలి.

ఇక చేతులు. పిడికిలి బిగించేటప్పుడు బొటనవేలు లోపల దాగకూడదు, చూపుడు వేలు, మధ్య వేలి మీద అడ్డంగా ఉండాలి. తగలాల్సింది ఆ రెండు వేళ్ళ కణుపులే. పంచ్ బయల్దేరేటప్పుడు మోచెయ్యి పక్కటెముకలను రాసుకుంటూ వెళ్ళాలి, పిడికిలి చివరి క్షణంలో తిరగాలి, అదే క్షణంలో రెండో చెయ్యి తుంటి దగ్గరికి చేరాలి. వెనక్కి లాగే ఆ చేతిని హికితె అంటారు. కొత్తవారు అందరూ మరిచిపోయేది దాన్నే. మయె గెరి అనే ముందు కిక్కులో మోకాలు ఎత్తడం, విసరడం, వెనక్కి లాగడం, దించడం అనే నాలుగు భాగాలున్నాయి. మూడో భాగం లేకపోతే ఎదుటివాడు కాలు పట్టుకుంటాడు. కాలివేళ్ళను పైకి మడిచి పాదం ముందు మెత్త భాగంతో కొట్టాలి.

పిల్లలతో పిడికిళ్ళ మీద పుషప్‌లు చేయించవద్దు, అరచేతుల మీద చాలు. మాకివారా అనే కొట్టుడు పలక జోలికి ఎముకలు ఎదగడం పూర్తయ్యే దాకా వెళ్ళవద్దు.

నాలుగో మెట్టు: కటా

షోటోకాన్‌లో కటాలు 26. తెల్ల బెల్టు నుంచి గోధుమ బెల్టు దాకా అవసరమయ్యేవి ముఖ్యంగా హెయాన్ కటాలు ఐదు, తర్వాత తెక్కి షోదాన్. హెయాన్ వరుసను ఒకినావాలో ఇతోసు అంకో పిన్నాన్ పేరుతో కూర్చారు. బడి పిల్లలకు నేర్పడానికి పనికొచ్చిన ఆ వరుసకే ఫునాకోషి హెయాన్ అని పేరు మార్చారు. ఐదు కటాలూ రక్షణ కదలికతోనే మొదలవుతాయి.

ఐదింటిలో మొదటిదైన హెయాన్ షోదాన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో 21 కదలికలున్నాయి. నడిచే దారి రెండు చివర్లా అడ్డగీతలున్న నిలువు గీతలా ఉంటుంది. మొదట ఎడమకు తిరిగి గెదాన్ బరాయ్ (చేతిని కిందికి ఊడ్చినట్టు తెచ్చి ఆపడం), ఒక అడుగు ముందుకేసి ఒయ్ జుకి (అడుగుతో పాటు అదే వైపు చేత్తో వేసే పంచ్). వెనక్కి తిరిగి మళ్ళీ గెదాన్ బరాయ్, ముందు పాదాన్ని కొంత లాగుతూ పిడికిలి అడుగు భాగంతో సుత్తి దెబ్బ, మళ్ళీ అడుగు వేసి పంచ్. తర్వాత నడిమి గీత మీదికి తిరిగి గెదాన్ బరాయ్, మూడు అగె ఉకెలు (చేతిని పైకెత్తి ఆపడం), మూడోదాని మీద కియాయ్ అనే గట్టి అరుపు. లెక్క ప్రకారం అది 9వ కదలిక. అక్కడ 270 డిగ్రీల మలుపు ఉంది. పరీక్షల్లో ఎక్కువమంది తూలేది ఈ మలుపులోనే. లేచి తిరగడం వల్ల తూలుతారు. మోకాలి వంపు అలాగే ఉంచి, ముందు చూపు తిప్పి, తర్వాత పాదం జరిపి, చివరికి నడుము తిప్పితే నిలుస్తారు. తర్వాత రెండు పక్కలా గెదాన్ బరాయ్, ఒయ్ జుకి, మళ్ళీ నడిమి గీత మీద మూడు పంచ్‌లు, 17వ కదలిక దగ్గర రెండో కియాయ్, చివర్లో కోకుత్సు దాచిలో నాలుగు షుతో ఉకెలు (చాచిన అరచేతి అంచుతో ఆపడం).

మొదలుపెట్టిన చోటే ఈ కటా ముగియాలి. దీన్ని మీరే కొలుచుకోవచ్చు. మొదట నిలబడ్డ చోట సుద్దతో గుర్తు పెట్టి, కటా అయ్యాక ఎక్కడ ఉన్నారో చూడండి. గుర్తుకు ఒక అడుగుకు మించి దూరంగా ఉంటే మీ అడుగుల పొడవు సమానంగా లేదు. సాధారణంగా కుడి కాలు ముందుకేసిన అడుగు పొడవుగా, ఎడమ కాలి అడుగు పొట్టిగా ఉంటుంది.

కొత్త కటాను వరుసగా నాలుగు విధాలుగా చేయండి. మొదట లెక్కపెడుతూ, ఒక్కో కదలిక దగ్గర ఆగి తప్పు చూసుకుంటూ. తర్వాత బలం వాడకుండా మెల్లగా, ఊపిరిని గమనిస్తూ. ఆ తర్వాత వేరే దిక్కుకు ముఖం పెట్టి, ఎందుకంటే గోడ మీది గడియారాన్నో కిటికీనో గుర్తుగా పెట్టుకుని నేర్చుకున్నవారు కొత్త హాలులో దారి తప్పుతారు. చివరగా పూర్తి వేగంతో. ప్రతి కదలికకూ ఎదుట ఎవరున్నారు, ఏ దెబ్బను ఆపుతున్నాను అనే అర్థాన్ని మాస్టరు గారిని అడిగి తెలుసుకోండి. అర్థం తెలిసిన పిల్లల చూపు వేరుగా ఉంటుంది, పరీక్షకులు ఆ తేడాను మొదటి మూడు కదలికల్లోనే పట్టేస్తారు.

అయిదో మెట్టు: కుమితే, ఒక్కో అంచెగా

ఎదుటి మనిషితో చేసే సాధనకు కచ్చితమైన వరుస ఉంది. దాన్ని దాటేసి తెల్ల బెల్టు పిల్లల్ని నేరుగా స్వేచ్ఛా పోరాటానికి దింపడం వల్ల కళ్ళు మూసుకుని తల తిప్పుకునే అలవాటు పడుతుంది, దాన్ని పోగొట్టడానికి రెండేళ్ళు పడుతుంది. మొదటిది గోహోన్ కుమితే. దాడి చేసేవారు చెప్పిన ఎత్తులోనే ఐదు అడుగులు ముందుకొస్తూ ఐదు పంచ్‌లు వేస్తారు, ఎదుటివారు ఐదు అడుగులు వెనక్కి వెళుతూ ఆపి చివర గ్యాకు జుకి, అంటే వెనక చేతి పంచ్ ఇస్తారు. దూరం ఎంతో కాళ్ళకు తెలిసేది ఇక్కడే. తర్వాతది కిహోన్ ఇప్పాన్ కుమితే, ముందే చెప్పిన ఒక్క దాడి, ఒక్క రక్షణ, ఒక్క ఎదురుదెబ్బ. ఆపైన జియు ఇప్పాన్ కుమితే. ఇందులో ఏ దాడి చేస్తారో చెబుతారు గానీ ఎప్పుడు చేస్తారో చెప్పరు. ఇద్దరూ పోరాట భంగిమలో కదులుతూ ఉంటారు. నా అభిప్రాయంలో మొత్తం కరాటేలో విలువైన సాధన ఇదే. జియు కుమితే అనే స్వేచ్ఛా పోరాటం దీని తర్వాతే.

అన్ని అంచెల్లోనూ దెబ్బను శరీరానికి కాస్త ముందు పూర్తి బలంతో ఆపే నియమం ఉంది. దీన్ని సున్‌దోమె అంటారు. చేతకాక ఆపడం వేరు, చేతనై ఆపడం వేరు. రెండోది రావాలంటే కొలత తప్పని అడుగు కావాలి.

వారం ఎలా గడవాలి

క్లాసు వారానికి మూడు రోజులు అనుకుంటే, మిగిలిన రోజుల్లో రెండు పూటలు ఇంట్లో ఇరవై నిమిషాల చొప్పున చాలు. ఆ ఇరవై నిమిషాల్లో సగం భంగిమలకు, సగం ఒకే ఒక్క కటాకు కేటాయించండి. ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. మన ఎండాకాలంలో డాబా మీద సాధన చేసేవారు ఉదయం ఏడు లోపే ముగించాలి. చెమటతో గ్రానైట్, మొజాయిక్ నేల జారుతుంది కాబట్టి పక్కన పాత తువ్వాలు ఉంచుకుని తుడుస్తూ ఉండండి. దాహం వేసే దాకా ఆగకుండా మధ్యమధ్యలో నీళ్ళు, అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగ తాగితే నిస్త్రాణ రాదు.

ఆరో మెట్టు: బెల్టు పరీక్ష

చాలా సంస్థల్లో కింది క్యూలకు మూడు నెలల గడువు, గోధుమ బెల్టు దశలో ఆరు నెలల గడువు ఉంటాయి. ఇవి కనీస గడువులు. గడువు నిండగానే పరీక్ష రాయాలన్న రూలేదీ లేదు. పరీక్షకు సిద్ధంగా ఉన్నామో లేదో తెలుసుకోవడానికి నేను వాడే కొలత ఇది: కావలసిన కటాను అలసిపోయి ఉన్నప్పుడు, ముందస్తు తయారీ లేకుండా, వరుసగా రెండుసార్లు తప్పులేకుండా చేయగలిగితే పేరు ఇవ్వవచ్చు.

పరీక్షలో కిహోన్ (విడివిడిగా చేసే మూల కదలికలు), కటా, కుమితే అనే మూడు భాగాలుంటాయి. "యోయ్" అంటే సిద్ధం కావాలి, "హాజిమె" అంటే మొదలుపెట్టాలి, "మవత్తె" అంటే వెనక్కి తిరగాలి, "యమె" అంటే ఆపాలి. యమె వినబడగానే వదులుగా అయిపోవద్దు. చివరి కదలికలో క్షణం నిలిచి, చూపు ఎదుటే ఉంచి, తర్వాత మెల్లగా వెనక్కి రావాలి. ఆ మెలకువను జాన్షిన్ అంటారు. మధ్యలో తప్పు జరిగితే నవ్వడం, నాలుక కరుచుకోవడం, మాస్టరు గారి వంక చూడడం చేయవద్దు. తప్పిన చోటి నుంచి ముందుకు సాగిపోవాలి. పరీక్షకులు తప్పును క్షమిస్తారు గానీ ఆగిపోవడాన్ని అంత తేలిగ్గా క్షమించరు.

పరీక్షకు పది రోజుల ముందు కొత్తగా ఏమీ నేర్చుకోవద్దు. ముందురోజు రాత్రి డ్రెస్సు ఉతికి ఇస్త్రీ చేసి, పాత పట్టాలను సంచిలో పెట్టి, తొందరగా పడుకోవాలి. నెగ్గకపోతే తల్లిదండ్రులు చేయాల్సింది ఒక్కటే: ఏ అంశంలో తక్కువైందో రాతపూర్వకంగా అడిగి తీసుకుని, తర్వాతి మూడు నెలలు దాని మీదే పెట్టడం. ఫీజు కట్టాం కదా అని వాదించి తెచ్చుకున్న బెల్టు పిల్లవాడికి పై క్లాసులో బరువవుతుంది.

గోధుమ బెల్టు దశ చాలా పొడవు. ఎక్కువమంది మానేసేది ఇక్కడే. పదో తరగతి, ఇంటర్మీడియెట్ చదువులు సరిగ్గా ఈ దశలోనే అడ్డొస్తాయి. ఆ రెండేళ్ళూ పూర్తిగా మానే బదులు వారానికి ఒక్క రోజైనా క్లాసుకు పంపమని తల్లిదండ్రులను అడుగుతుంటాను. ఈ దశలో బస్సాయ్ దాయ్, కంకు దాయ్, ఎంపి, జియోన్ కటాల్లో ఒకదాన్ని మీ శరీరానికి తగినట్టుగా ఎంచుకుంటారు. బరువైన శరీరం, బలమైన తొడలు ఉన్నవారికి బస్సాయ్ దాయ్, జియోన్ నప్పుతాయి. తేలికగా, చురుగ్గా ఉండేవారికి ఎంపి బాగుంటుంది. 65 కదలికల కంకు దాయ్‌కి ఊపిరి కావాలి. షోదాన్ పరీక్షకు పేరు ఇచ్చే ముందు ఆ పట్టా ఏ సంస్థ పేరుతో వస్తుందో, జపాన్‌లోని ప్రధాన సంస్థలో నమోదవుతుందో లేదో, మొత్తం ఖర్చెంతో రాతలో తీసుకోండి.

ఏడో మెట్టు: పోటీకి దిగడం

పోటీ రెండు రకాల నియమాలతో జరుగుతుంది. 1949లో ఏర్పడిన జపాన్ కరాటే అసోసియేషన్ దారిలో నడిచే పోటీల్లో షోబు ఇప్పాన్ పద్ధతి ఉంటుంది. ఒకే ఒక్క ఇప్పాన్ (పూర్తి పాయింటు), లేదా రెండు వజా అరిలు (సగం పాయింట్లు) వస్తే ఆట ముగిసిపోతుంది. ఒక్క పొరపాటుకు ఇంటికి వెళ్ళాల్సిందే కాబట్టి ఓర్పు, ఒకే దెబ్బ మీద నమ్మకం అక్కడ కావాలి. ప్రపంచ కరాటే సమాఖ్య పద్ధతిలో పంచ్‌కు యుకో 1 పాయింటు, నడుము పై భాగానికి తగిలే కిక్కుకు వజా అరి 2 పాయింట్లు, తలవైపు కిక్కుకు లేదా కిందపడిన ప్రత్యర్థి మీద సరైన దెబ్బకు ఇప్పాన్ 3 పాయింట్లు. 8 పాయింట్ల ఆధిక్యం వస్తే సమయం ఉన్నా గెలిచినట్టే. పెద్దలకు 3 నిమిషాలు, 14 నుంచి 17 ఏళ్ళ వారికి 2 నిమిషాలు ఆట. బరి 8 మీటర్ల చదరం, చుట్టూ భద్రత కోసం అదనపు స్థలం. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి పేరు నమోదు చేసే ముందు ఆ పోటీ నిర్వాహకుల తాజా నియమావళి చదవడం తప్పనిసరి. ఆ పోటీకి జిల్లా, రాష్ట్ర స్థాయి గుర్తింపు ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోవాలి. స్పోర్ట్స్ కోటా కోసం చూసేవారికి ఈ విషయం మరీ ముఖ్యం. గోడ మీద "అంతర్జాతీయ" అని రాసినంత మాత్రాన ఆ ధృవపత్రం పనికిరాదు.

టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే మొదటిసారి ఆడినప్పుడు, 2021లో పురుషుల కటా స్వర్ణం ఒకినావాకు చెందిన కియునా ర్యోకు దక్కింది. 2024 పారిస్ క్రీడల్లో కరాటే లేదు. అందువల్ల ఒలింపిక్స్ పేరు చెప్పి పిల్లల మీద భారం పెట్టే మాటలను పక్కన పెట్టి, జిల్లా పోటీతో నెమ్మదిగా మొదలుపెట్టండి.

మొదటి పోటీకి ముందు ఎనిమిది వారాల తయారీ సరిపోతుంది. మొదటి మూడు వారాలు కాళ్ళ బలం, ఊపిరి మీద పెట్టండి. తర్వాతి మూడు వారాలు మీకు బాగా వచ్చిన రెండే రెండు దాడులను ఎంచుకుని జోడీతో సాధించండి. కొత్తవారికి నేను ఇచ్చేవి ముందు చేత్తో వేసే కిజామి జుకి, దాని వెనకే గ్యాకు జుకి. ఏడో వారంలో పోటీ సమయం అంతే పెట్టి, తెలియని వారితో ఆడించండి. చివరి వారం తేలికగా కదిలించి వదిలేయండి. బరువు విభాగంలో ఇమడడానికి పిల్లల్ని పస్తులుంచడం, నీళ్ళు తాగనివ్వకపోవడం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. పై విభాగంలో ఆడించండి.

సంచిలో ఎరుపు, నీలం బెల్టులు, చేతి గ్లౌజులు, కాలి ప్యాడ్లు, మౌత్‌గార్డు, వయసును బట్టి ఛాతీ కవచం, వయసు ధృవపత్రం, టేపు ఉండాలి. తలవెంట్రుకలకు లోహపు పిన్నులు వద్దు. మా విద్యార్థిని ఒకమ్మాయి తన ఆటకు పిలిచాక ఆ పిన్ను తీయమన్నందుకు హడావిడి పడి, జుట్టు కళ్ళమీద పడుతుండగానే ఆడి ఓడిపోయింది. అప్పటి నుంచి మా సంచిలో రబ్బరు బ్యాండ్ల పొట్లం ఎప్పుడూ ఉంటుంది.

పోటీ రోజు ఎక్కువ సమయం ఎదురుచూడడంలోనే పోతుంది. ఆటకు రెండు మూడు గంటల ముందు ఇడ్లీలో, పెరుగన్నమో తిని, తర్వాత అరటిపండుతో సరిపెట్టుకోవాలి. పూరీ, వేపుళ్ళు ఆ రోజుకు వద్దు. మీ ముందు నాలుగైదు ఆటలున్నప్పుడు ఒళ్ళు వేడెక్కించడం మొదలుపెట్టండి. బరిలో మొదటి పది సెకన్లు దాడి చేయకుండా ఎదుటివారి ముందు కాలిని గమనించండి. వారు కదిలే ముందు ఆ కాలు ఏదో ఒక సూచన ఇస్తుంది. రిఫరీ పాయింటు ఇవ్వకపోతే వాదించవద్దు, గీత దగ్గరికి వెళ్ళి నిలబడండి. దెబ్బ వేశాక వెంటనే వెనక్కి తిరగడం, చేతులెత్తి సంబరపడడం వల్ల జాన్షిన్ లేదని పాయింటు పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా ఆ రోజుకు ఆట ఆపేసి డాక్టరుకు చూపించాలి. పతకం దగ్గర్లో ఉన్నా సరే ఇందులో మినహాయింపు లేదు.

ఇంటికి వచ్చాక, వీడియో ఉన్నా లేకపోయినా, ఆ రాత్రే ఒక నోటుబుక్కులో మూడు విషయాలు రాయండి: పాయింటు ఎలా వచ్చింది, ఎలా పోయింది, ఏ క్షణంలో కాళ్ళు ఆగిపోయాయి. రెండు రోజులు ఒళ్ళు నొప్పులు తగ్గనిచ్చి, మూడో రోజు ఆ నోటుబుక్కు తీసుకుని క్లాసుకు వెళ్ళి, మాస్టరు గారికి చూపించి, సుద్దగీతల మీద జెన్‌కుత్సు దాచితో మళ్ళీ మొదలుపెట్టండి. కాగితం ముక్క మరిచిపోవద్దు.